జోజిబాబు పూచీ

తడిపిన పేపరు ముక్కతో గాజు తలుపుని పైనుంచి కిందికి తుడిచి, పొడి పేపరుతో మళ్ళీ అడ్డంగా రుద్ది, ఒక మెట్టు దిగి తల పక్కకి వంచి చూశాడు జోజిబాబు. పిడి కింద, మోకాలెత్తున, ఏ చంటిపిల్లదో చెయ్యి ముద్ర ఇంకా మిగిలే ఉంది. నోటి ఆవిరి ఊది దాన్ని కూడా తుడిచేశాడు. సాయంత్రం ఆరింటికి విజయవాడ నుంచి వ్యాను వస్తుంది. షాపులో మిగిలిన సరుకూ, బల్లలూ, ఏసీలూ, పైనున్న బోర్డుతో సహా ఎక్కించుకుని పోతుంది. రేపట్నుంచి ఈ తలుపు తోసుకుని లోపలికి వచ్చేవాళ్ళుండరు. ఆ సంగతి తెలిసి కూడా ఇంత శ్రద్ధగా తుడుస్తున్న మనిషిని మేనేజరు అఖిల్ కౌంటరు దగ్గర్నుంచి చూశాడు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనిని ఆఖరిరోజు మానెయ్యమని చెప్పడం అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేవమన్నట్టుంటుంది. అందుకని ఊరుకున్నాడు.

తలుపు తర్వాత చెప్పుల పని. ఇవాళ పొద్దున్నే ఒకటే జత ఉంది. నీలం పట్టీల హవాయి చెప్పులు, మడమ దగ్గర బాగా అరిగినవి, ఎడమ కాలి పట్టీకి పిన్నీసు పెట్టినవి. అవి ఎవరివో తెలీదు. దసరా రోజుల్నుంచీ ఇక్కడే ఉన్నాయి. రాత్రి షట్టరు వేసే ముందు లోపల పెట్టడం, పొద్దున మళ్ళీ మెట్టు మీద పెట్టడం అతనికి అలవాటైపోయింది.

తిరువూరు బస్టాండుకి కూతవేటు దూరంలో ఆర్విక్ ఫోన్ల కంపెనీ షోరూము తెరిచిన తొలిరోజే ఈ చెప్పుల గొడవ మొదలైంది. లోపల నేల తెల్లగా అద్దంలా మెరిసిపోతుంటే, దాని మీద ఇంత మట్టి వెయ్యడానికి మనసొప్పక జనం మెట్ల దగ్గరే చెప్పులు విడిచేశారు. పొలాల నుంచి వచ్చినవాళ్ళే కాదు, పంతుళ్ళూ పంతులమ్మలూ కూడా. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు చూసి, "ఇదేమన్నా గుడా? చెప్పులతోనే రమ్మను" అని జోజిబాబుని కసిరాడు. జోజిబాబు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. అందరూ విన్నారు, తలూపారు, చెప్పులు విడిచే లోపలికి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం బయటికొచ్చి కాలిపోతున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి గంతులేశారు. అప్పట్నుంచి అతను ఎండ జరిగినకొద్దీ చెప్పుల్ని బోర్డు నీడలోకి జరపడం, వచ్చేవాళ్ళు సులువుగా కాళ్ళు దూర్చుకునేలా వాటిని రోడ్డు వైపుకి తిప్పి పెట్టడం మొదలుపెట్టాడు. అది ఏ రూల్సు పుస్తకంలోనూ లేని పని.

"ఊళ్ళోవాళ్ళ చెప్పులు నువ్వు ముట్టుకోవడమేంటయ్యా?" అని భార్య చిట్టెమ్మ ఇంట్లో యుద్ధం చేసింది. ఆ మాటా న్యాయమైందే. ఆమె తండ్రి ఒకప్పుడు ఈ ఊరి వీధుల్లోనే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు. జోజిబాబు, "ప్రభువు కాళ్ళే కడిగాడుగా. నేను చెప్పులు జరిపితే ఏం పోయింది? కాళ్ళు కాలితే ఎవరికైనా ఒకటే మంట" అన్నాడు. మట్టల ఆదివారం దగ్గరపడిన రోజులవి. చిట్టెమ్మ ఆ పూట కూరలో ఉప్పు తగ్గించి కసి తీర్చుకుంది.

జోజిబాబుకి యాభై ఎనిమిదేళ్ళు. పొడుగ్గా, బక్కగా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా ఎవరో ఒళ్ళున్న మనిషిని మనసులో పెట్టుకుని కుట్టించినట్టు భుజాల మీద నుంచి జారిపోతుంటుంది. కాలరు లోపల నల్లతాడుకి చిన్న సిలువ. తలుపు పిడి పట్టుకునీ పట్టుకునీ కుడి అరచెయ్యి కాయకట్టింది. పుట్టింది రెడ్డిగూడెంలో. పదిహేనేళ్ళప్పుడు మామిడితోట గేటు దగ్గర కాపలాతో మొదలయ్యాడు. తర్వాత సినిమాహాలు తలుపు దగ్గర టికెట్లు చింపాడు. హాలు పోయి ఫంక్షన్ హాలయితే ఆ గుమ్మంలో నిలబడి పన్నీరు చల్లాడు. ఆ తర్వాత ఈ గాజు తలుపు. నలభై ఏళ్ళుగా అతను తీసినవన్నీ పరాయి తలుపులే. చర్చి వెనక వీధిలో సొంతిల్లు ఉంది గాని, దాని తలుపు పైకెత్తి పక్కకి తోస్తే తప్ప తెరుచుకోదు. ఎన్నిసార్లు చెప్పినా ఆ బందుకి ఇంత నూనె చుక్క వెయ్యడని చిట్టెమ్మ ఫిర్యాదు.

షోరూము తెరిచినప్పుడు డప్పులేం మోగాయి, జనమేం వచ్చారు! గంపలగూడెం, విస్సన్నపేట, అటు తెలంగాణ వైపు నుంచి కూడా మనుషులు ఆటోలు మాట్లాడుకుని దిగారు. కొన్నవాళ్ళకంటే ఏసీలో నిలబడి వెళ్ళినవాళ్ళే ఎక్కువ, అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. రెడ్డిగూడెం రైతు అంకారావు కొత్త ఫోనుకి, కొత్త ట్రాక్టరుకి చేసినట్టే, తడి పసుపు దట్టంగా పట్టించి కుంకుమబొట్టు పెట్టాడు. ఆ పసుపు కాస్తా కింది కన్నంలోకి దిగి, ఆయన మాట అవతలివాళ్ళకి వినిపించడం మానేసింది. ఫోను విప్పిన ఇంజనీరు కాగితం మీద "గుర్తు తెలియని పసుపు పదార్థం" అని రాసి పంపాడు. ఆనాటి నుంచి జోజిబాబు తలుపు పక్కన ఒక కుంకుమ భరిణ పెట్టుకుని, "బొట్టు డబ్బాకి పెట్టండి, ఫోనుకొద్దు" అని అందరికీ నేర్పాడు. తన చర్చివాళ్ళెవరైనా ప్రార్థన చెయ్యమంటే ఆ ఫోను డబ్బా మీదే చెయ్యి పెట్టి నాలుగు మాటల్లో చేసేవాడు. దేవుళ్ళిద్దరూ ఎప్పుడూ తగువు పడలేదు.

ఆర్విక్ వచ్చాక బస్టాండు దగ్గర చిన్న ఫోన్ల కొట్లు మూడు మూతపడ్డాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇంట్లో కూర్చుని వేలితో నొక్కితే గుమ్మంలోకి ఫోను వచ్చే రోజులు వచ్చాయి. షోరూముకి వచ్చి, పట్టుకుని చూసి, ధర కనుక్కుని, మెట్ల మీద నిలబడే ఆన్‌లైన్‌లో కొనుక్కునేవాళ్ళు తయారయ్యారు. జోజిబాబు వాళ్ళ చెప్పులు కూడా నీడలోనే పెట్టాడు. పదిమంది పనివాళ్ళు ఆరుగురయ్యారు, ముగ్గురయ్యారు. ఆఖర్న సంక్రాంతి వెళ్ళిన వారానికి, రాష్ట్రంలో ఉన్న షోరూములన్నీ మార్చి నెలాఖరుకి మూసేస్తున్నామని అఖిల్ కంప్యూటర్లోకి నాలుగు వరసల ఉత్తరం వచ్చింది. వారం రోజులు తగ్గింపు అమ్మకాలు కూడా పెట్టారు. దింపుడు కళ్ళం ఆశ.

అఖిల్‌కి గుంటూరులో వేరే ఉద్యోగం దొరికింది. సేల్స్ పని చేసే కీర్తనకి వచ్చే నెల్లో పెళ్ళి. జోజిబాబుకి మామిడికాయల మండీలో గేటు దగ్గర పని ఇస్తామన్నారు, సీజను మొదలవగానే. కాబట్టి అతని బెంగ ఉద్యోగం గురించి కాదు. అతని బెంగంతా సర్వీసు ట్రేలో మిగిలిన ఒక ఫోను గురించి.

రిపేరుకి ఫోను ఇచ్చేటప్పుడు కౌంటర్లో పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకుంటారు. నంబరు చెప్పమంటే ఈ చుట్టుపక్కల సగంమంది చెప్పేది ఆ రిపేరుకిచ్చిన ఫోను నంబరే. వాళ్ళ తప్పేముంది? వాళ్ళకున్న నంబరు అదొక్కటే. ఫోను బాగయ్యాక కౌంటరు అమ్మాయి ఆ నంబరుకి చేస్తే, పక్కనున్న ట్రేలో అదే మోగేది. అలా పిలిచేవాళ్ళు లేక ట్రేలో పదకొండు ఫోన్లు పోగుపడ్డాయి. మూసేసే రోజుకి తీసుకెళ్ళని ఫోన్లన్నీ వ్యానెక్కించి హైదరాబాదు గోడౌనుకి పంపాలని, అక్కడ వాటిని తుక్కు చేస్తారని ఉత్తరంలో రాశారు. అది విన్న రోజు నుంచీ జోజిబాబు నిద్ర సరిగా పోలేదు. ఆదివారం పూజయ్యాక ఫాదరు చేత పేర్లు చదివించాడు. పాలవ్యాను వాళ్ళకీ, బస్సు కండక్టర్లకీ, పూలమ్మేవాళ్ళకీ చీటీలిచ్చాడు. పది ఫోన్లు ఇల్లు చేరాయి.

పదకొండోది హనుమాయమ్మది.

సెప్టెంబరులో ఒకరోజు నెమలి నుంచి వచ్చిందామె. డెబ్బై ఏళ్ళుంటాయి. ఫోను కుడితి తొట్టిలో పడి, తీసి ఆరబెడితే గేదె వాసనొస్తోంది గాని వెలగడం లేదంది. అది అంతకుముందు ఏడాది ఇక్కడే కొన్న ఫోను. ఆమెకి చదువు రాదు. అలాంటివాళ్ళకి జోజిబాబు నంబర్ల పేర్లకి బదులు ఫోనులోనే ఉండే బొమ్మలు పెట్టి ఇచ్చేవాడు. కొన్నరోజున ఆమె కొడుక్కి ట్రాక్టరు బొమ్మ పెట్టమంది. కోడలికి మిరపకాయ. ఎందుకని నవ్వుతూ అడిగితే ఎందుకో కూడా చెప్పింది. చివర్న, "నీ నంబరు కూడా పెట్టు అబ్బాయ్, ఎప్పుడన్నా నొక్కరాక నొక్కితే నువ్వే చెప్పాలి" అంటే తనకి తలుపు బొమ్మ పెట్టాడు. మూడే మూడు బొమ్మలు.

ఫోను విజయవాడ పంపాలి, ఇక్కడ వదిలి వెళ్ళమంటే హనుమాయమ్మ చెయ్యి వదల్లేదు. కౌంటరు వైపు ఒకసారి, గాజు తలుపు వైపు ఒకసారి చూసింది.

"నీ పూచీనా అబ్బాయ్?"

"నా పూచీ అమ్మా. మీ చేతికి నేనే ఇస్తా."

అప్పుడే ఆమె కొంగులోంచి ఫోను తీసి అతని చేతిలో పెట్టింది, కౌంటరు మీద కాదు. కంపెనీ చితికిపోతున్న రోజులవి. పార్టు దొరక్క ఆ ఫోను జనవరికి గాని తిరిగి రాలేదు. వెలిగించి చూస్తే బొమ్మలు మూడూ అలాగే ఉన్నాయి. జోజిబాబు వెంటనే ట్రాక్టరుకి చేశాడు, స్విచాఫ్. మిరపకాయకి చేశాడు, ఆ నంబరు ఉపయోగంలో లేదంది. రోజూ చేశాడు. నెమలి వెళ్ళే ఆటో రాయప్పతో కబురు పెడితే, ఆ ఇంటికి తాళం ఉందన్నాడు. ఆ వరస వరసంతా మిరపకోతలకి ఖమ్మం వైపు వెళ్ళిపోయిందట, అడుగుదామన్నా మనిషి లేడట.

పదకొండు గంటలప్పుడు రాయప్ప ఆటో మెట్ల ముందు ఆగింది. దిగకుండానే కేకేశాడు.

"జోజన్నా! ఆ నెమలి ఇంటి తాళం తీసుంది. పొద్దున అటునుంచి వస్తుంటే చూశా. పొయ్యి ముట్టించినట్టుంది, పొగొస్తోంది."

జోజిబాబు చేతిలోని పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళలో, ఆదివారం పూజకి తప్ప, పనివేళ బయటికి వెళ్తానని ఎప్పుడూ అడగలేదు.

"సార్, రెండు మూడు గంటలు..."

అఖిల్ లెక్కప్రకారం ఆ ఫోను ఈపాటికి సీలు వేసిన అట్టపెట్టెలో ఉండాలి. చీటీ లేకుండా, మనిషి రాకుండా షాపు దాటించకూడదు. అతను సొరుగు తీసి, ఫోనుతో పాటు అప్పగింత కాగితం కూడా తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి ఏదో పనున్నట్టు దాన్నే చూస్తూ, "సంతకం మాత్రం చేయించుకు రండి బాబాయ్. వ్యాను ఆరింటికి" అన్నాడు.

జోజిబాబు ఫోనుకి సగం ఉన్న చార్జింగు చూసి, నిండేదాకా ఇంకో ముప్పావుగంట ఆగాడు. బాగుచేసిన వస్తువు సగం ప్రాణంతో ఇవ్వకూడదని అతని పట్టుదల. బయల్దేరేముందు నీలం పట్టీల చెప్పుల్ని బోర్డు నీడలోకి జరిపాడు. అన్నం డబ్బా ఉన్న సంచిలో, చిట్టెమ్మ వేసిన తువ్వాలు మడతలో ఫోను పెట్టుకుని గంపలగూడెం బస్సెక్కాడు.

కిటికీ పక్కన సీటు దొరికింది. మామిడితోటల్లో కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటి మధ్య పొలాల్లో మిరపకాయల కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. బస్సంతా ఆ ఘాటు, ముందు సీటు ఆవిడ తుమ్ముతూనే ఉంది. జోజిబాబు సంచి ఒళ్ళో పెట్టుకుని, హనుమాయమ్మని ఎలా పలకరించాలా అని ఆలోచించాడు. ఇన్నాళ్ళు చేశావేంటి అబ్బాయ్ అని తిడుతుంది. తిట్టనీ. పార్టు రాలేదమ్మా అని చెప్పి, ట్రాక్టరు బొమ్మ నొక్కి చూపించి, ఒక గ్లాసు మజ్జిగ తాగి వచ్చేస్తే సరి. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉంటాయనిపించింది. గంపలగూడెంలో దిగి షేరాటో ఎక్కేసరికి రెండు కావస్తోంది.

గోపాలస్వామి గుడి దాటాక రాయప్ప చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే, రేకుల ఇల్లు దొరికింది. వాకిట్లో విప్పని మూటలు, బోర్లించిన గిన్నెలు. నలభై ఏళ్ళావిడ అరుగు మీద కూర్చుని అరచేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మూడు నెలలు మిరపకాయలు కోసిన చేతులు, ఎర్రగా పొంగి ఉన్నాయి. ఎవరికోసమండీ అంటూ లేచింది.

"హనుమాయమ్మ గారిల్లు ఇదేనా అమ్మా? నేను తిరువూరు ఫోన్ల షాపు నుంచి వచ్చా. ఆవిడ ఫోను బాగైంది. ఆలస్యమైపోయింది, తప్పు మాదే. చేతికే ఇస్తానని మాటిచ్చా, అందుకని నేనే..."

తలుపు తెరిచే ఉంది. లోపల గోడకి, రేషన్ కార్డు ఫొటోని పెద్దది చేయించినట్టున్న పటం ఒకటుంది. దానికి ఎండిపోయిన బంతిపూల దండ. జోజిబాబు సంచిలోకి పోనిచ్చిన చెయ్యి తువ్వాలు మీద అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడమ్మా?" అన్నాడు.

"కార్తీకమాసంలోనండి. పక్షవాతమొచ్చి ఎడం వైపు పడిపోయింది. పది రోజులు మంచంలో ఉంది, అంతే." ఆమె లోపల్నుంచి పీట తెచ్చి వేసింది. "నేను కోడల్నండి, శివపార్వతి అంటారు. కూర్చోండి అన్నయ్యగారూ."

కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక, చెయ్యాల్సింది చేశాడు. తువ్వాలు విప్పి ఫోను తీసి ఆమెకిచ్చాడు. శివపార్వతి నూనె చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. వెలిగించింది. బొమ్మలు చూసింది.

"ట్రాక్టరు మా ఆయనండి. ఆయన నడిపేది అదేగా. కోతలకి పోయినాక రీచార్జి చేయించలేదు, మా నంబర్లు రెండూ పోయినయ్." మళ్ళీ చూసింది. "మరి ఈ మిరపకాయ ఎవరు?"

జోజిబాబు కొంచెం తడబడ్డాడు. "మీరేనమ్మా."

"నేనా!" శివపార్వతి కళ్ళు పెద్దవయ్యాయి. "చూశారా, పోయినాక కూడా సాధిస్తోంది ముసల్ది. నా నోరు గురించేగా? పదిహేడేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నామండి, ఒక్క పూటన్నా నా కూర బాగుందని అంటే ఒట్టు."

"ఎందుకు మిరపకాయ అని నేనూ అడిగానమ్మా. ఆమె ఏమందో చెప్పనా?"

శివపార్వతి తలెత్తింది.

"దాని నోరు కారమే అబ్బాయ్, కానీ అది లేకపోతే నా బతుక్కి కూర లేదు. అలా అంది."

పొరుగూళ్ళో అప్పగించి పోయి, పొద్దున్నే తోలుకొచ్చిన గేదె కొట్టంలో తల విదిల్చింది. శివపార్వతి ఫోను వైపే చూస్తూ గుమ్మంలో కూలబడింది. వెలుగు ఆరిపోతుంటే వేలితో తాకి మళ్ళీ వెలిగించింది. అలా మూడుసార్లు చేసింది.

"ఈ మాట నాతో ఒక్కసారి అంటే ఏం పోయిందండీ ఆవిడకి," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మిరపకాయలు కోసిన చేతులేమో, కళ్ళు ఇంకా మండి, ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. జోజిబాబు తల వంచుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె మొహం కడుక్కొచ్చి, మజ్జిగ తెచ్చిచ్చి, మళ్ళీ ఫోను చూసింది.

"ఈ తలుపు బొమ్మ?"

"అది నేనమ్మా. జోజిబాబు."

"మీరా!" అంది శివపార్వతి. "మీ పేరు ఈ ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో. ఫోను ఏమైందత్తా అంటే, జోజిబాబు పూచీ, నీకెందుకు అనేది. దసరా ముందు ఒక ఆదివారం మీ షాపుకొచ్చింది కూడా. మీరు చర్చికి పోయారంట. కొత్త పిల్లెవరో ఉండి, ఇంకా రాలేదు పొమ్మందంట. ఆయనొచ్చి చెప్తేనే నమ్ముతా అని మెట్ల మీద కూర్చుందంట. ఇంతలో మా ఊరి బస్సు కదుల్తుంటే, అది పోతే మళ్ళీ సాయంత్రందాకా లేదని పరుగెత్తి ఎక్కేసింది. ఎక్కినాక చూసుకుంటే కాళ్ళకి చెప్పుల్లేవు."

జోజిబాబు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇంటికొచ్చి ఒకటే నవ్వు. కొత్తవి కొనుక్కోమన్నా వినలేదు. నా ఫోనూ నా చెప్పులూ రెండూ ఆయన దగ్గరే ఉన్నయ్, పోయినప్పుడు ఒకేసారి తెచ్చుకుంటా అనేది. పడిపోయిందాకా ఒట్టికాళ్ళతోనే తిరిగిందండి."

"నీలం పట్టీలా అమ్మా? ఎడం కాలికి పిన్నీసు?"

"ఆ పిన్నీసు నేనే పెట్టా." శివపార్వతి అతని మొహంలోకి చూసింది. "ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా," అన్నాడు. "నీడలోనే ఉన్నాయి." కొంచెం తేరుకుని, "రేపు తెచ్చిస్తా" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దన్నయ్యగారూ. పోయినోళ్ళ చెప్పులు మళ్ళీ ఇంటికి తేకూడదంటారు. అక్కడే ఉండనీండి. కాళ్ళు కాలేవాళ్ళెవరన్నా వేసుకుంటారు."

అప్పగింత కాగితం తీశాడు. పోయినావిడ బదులు తను పెట్టొచ్చా అని అడిగి, శివపార్వతి కూడబలుక్కుంటూ సంతకం చేసింది. కాగితం మూలన నూనె మరక పడింది. బయల్దేరుతుంటే పొట్లం కట్టి గుప్పెడు ఎండుమిరపకాయలు సంచిలో వేసింది. చిట్టెమ్మకివ్వమంది, ఆ పేరు కూడా హనుమాయమ్మ చెబితేనే తెలుసట.

తిరుగు బస్సులో జోజిబాబుకి ఏడుపొచ్చింది. చుట్టూ జనం ఉన్నారని కిటికీ వైపు తిరిగి, కల్లాల ఘాటు మీద నెపం పెట్టి ఏడ్చాడు. ఆరునెలలు రోజూ రెండుసార్లు ఆ చెప్పుల్ని చేత్తో తీసి పెట్టాడు. ఎవరివో ఒక్కసారి ఆలోచించి ఉంటే, అప్పుడే బస్సెక్కి ఉంటే, ఆమె బతికుండగా ఎదురుగా నిలబడి ఉండేవాడు. చేతికే ఇస్తానన్న మాట సగమే నిలిచింది. ఆ సగం అతని గుండెలో ముల్లులా ఉంది. కానీ నమ్మినావిడ నమ్మకం తప్పలేదు. ఆమె అనుకున్నట్టే రెండూ భద్రంగా ఉన్నాయి. బస్సు తిరువూరు చేరేదాకా ఈ రెండు సంగతుల్నీ మార్చి మార్చి తలుచుకుంటూనే ఉన్నాడు.

అయిదున్నరకే వ్యాను వచ్చేసింది. జోజిబాబు చేరేసరికి బల్లలు ఎక్కించేశారు. ఏసీ ఉన్నచోట గోడకి రెండు కన్నాలు మిగిలాయి. ఇద్దరు మనుషులు నిచ్చెనలేసి బోర్డు దించుతున్నారు. దించాక గోడ మీద బోర్డున్నంత మేరా సున్నం కొత్తగా, తెల్లగా కనిపించింది. చెప్పుల్ని ఎవరో కాలితో పక్కకి నెట్టినట్టున్నారు, ఒకటి బోర్లా పడి ఉంది. జోజిబాబు దాన్ని తీసి దులిపి, రెండూ ఒకచోట పెట్టి లోపలికి వెళ్ళాడు.

అఖిల్ కాగితం తీసుకుని సంతకం చూశాడు, నూనె మరక చూశాడు. "ఇంకేమన్నా ఇవ్వాల్సినవి ఉన్నాయా బాబాయ్?"

"ఏం లేవు సార్."

అఖిల్ తన బ్యాగు భుజానికి తగిలించుకుని, ఖాళీ గదిని ఒకసారి కలయజూసి, నడిచి వచ్చి తలుపు దగ్గర ఆగాడు. చెయ్యి పిడి మీదకి పోబోయి వెనక్కి వచ్చింది. జోజిబాబు ఎప్పటిలాగే పక్కకి జరిగి, తలుపు లాగి పట్టుకుని, ఇంకో చెయ్యి ముందుకి చాచాడు. అఖిల్ బయటికి రాలేక ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ కాయకట్టిన చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి షట్టరు దించారు. తాళంచెవి వ్యాను మనిషి తీసుకున్నాడు. వ్యాను వెళ్ళిపోయింది. అఖిల్ బండి కూడా వెళ్ళిపోయింది.

జోజిబాబు మెట్ల మీద మిగిలాడు. ఇంటికి వెళ్ళి తలుపు బందుకి నూనె వెయ్యాలనుకున్నాడు, ఇవాళే. చెప్పులు తీసి, పన్నెండు గంటల నీడ పడే చోట పెట్టబోయి ఆగాడు. బోర్డు లేదుగా, రేపు అక్కడ నీడ ఉండదు. తలెత్తి సూర్యుడు దిగిన వైపు చూశాడు, గోడ చూశాడు, వేలితో గాల్లో గీతలాంటిది గీసి లెక్క వేసుకున్నాడు. ఒక మెట్టు పైకెక్కి, షట్టరు గోడలోకి తగ్గి ఉన్న ఆ జానెడు జాగాలో వాటిని పక్కపక్కన పెట్టాడు. సంచి భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా చర్చి వీధి వైపు నడిచాడు.

మూసిన షట్టరు ముందు, పై మెట్టు మీద, పిన్నీసు పెట్టిన నీలం పట్టీల చెప్పులు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.